ఎర్ర టేపు డబ్బా

1990 సెప్టెంబరు పద్దెనిమిది, మంగళవారం. ఆ మధ్యాహ్నం మేము తిన్నది నీళ్లచారులా కాచిన మైసూరు పప్పు, అందులో ముంచుకోవడానికి ముందురోజు ఖుబ్బూసు రొట్టె. మాకు వండిపెట్టే రెడ్డెమ్మ ఎక్కడ దాచిందో ఒక నిమ్మకాయ తీసి, తలా ఒక చుక్క పిండింది. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగాక నిమ్మకాయ వాసన తగలడం అదే మొదటిసారి. ఆ చుక్క పుణ్యమా అని ఆ పూట ఎవరూ పప్పుని తిట్టుకోలేదు.

ఆ వాసన ఇంకా వేళ్లకి ఉండగానే రెండు తూటాలు పేలాయి.

మేమున్నది సబ్హాన్ పారిశ్రామిక వాడలో, మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, అబూ ఫహద్ టైర్ల గోదాము. ఆయన్ని మేమంతా బాబా అనేవాళ్లం. యుద్ధం మొదలయ్యే సరికి భార్యాబిడ్డలు కైరోలో ఉన్నారు. ఆయన మొదటి వారంలోనే సౌదీ సరిహద్దు దాటేశాడనీ, ప్రాణంలా చూసుకునే రైఫిల్‌ని కూడా పట్టుకుపోయాడనీ అందరం అనుకున్నాం. ఆయన దగ్గర పనిచేసేవాళ్లం, మాతోపాటు నిలువ నీడలేక వచ్చిన కడపవాళ్లు, ఆ గోదాములో తలదాచుకున్నాం. మర్నాడు పొద్దున్న మమ్మల్ని జోర్డాన్ దారి పట్టించడానికి బస్సు రావాలి.

నా పేరు పాల్‌రాజు. మాది రాజమండ్రి. ఫిజిక్స్ చదివి, హైదరాబాదు ఫోరెన్సిక్ లాబొరేటరీలో తుపాకుల విభాగంలో చాలాకాలం చేశాను. ఏ తూటా ఏ తుపాకీలోంచి వచ్చిందో తేల్చడం నా పని. బాబా పందేలకి కాల్చే మనిషి. తన తూటాలు తనే నింపుకునేవాడు. ఏ పాళ్లలో మందు నింపితే తూటాలు ఒకేచోట పడతాయో కొలిచి చెప్పే మనిషి కావాలని నన్ను పిలిపించుకున్నాడు. నాతోపాటు నా భార్య ఆనందమ్మ నర్సు ఉద్యోగానికి వచ్చింది. రెండేళ్ల కిందట చనిపోయి ఇక్కడి ఇసుకలోనే ఉండిపోయింది.

గోదాము పెద్ద గంగాధర్. ఒకప్పుడు పటాలంలో హవల్దారు. రోజూ మూడు దాటాక అసర్ నమాజు పిలుపు వినబడ్డాక ఆఫీసు కిటికీలో మోచేతులు ఆనించి, రొమ్ము బయటికి పెట్టి టీ తాగడం అతని అలవాటు. ఆ రోజు కూడా అతను అక్కడే ఉన్నాడు, టీ కాచే షావలి టీ తెచ్చాడు. బయట కిటికీ కింద కెటిల్ పెట్టి, వంగి గ్లాసులో పోస్తుండగా మొదటి తూటా అతని భుజం కండలోంచి దూసుకుపోయింది. జారిన గ్లాసు దొర్లడం ఆగకముందే రెండోది గోడకి తగిలింది.

తుపాకీ మోతలు ఆ రోజుల్లో కాకి అరుపులతో సమానం. ఏ సైనికుడూ రాలేదు. ఆనందమ్మ మందుల పెట్టె నా మంచం కింద ఇంకా ఉంది. దానిలోని గుడ్డతోనే షావలి భుజం కట్టాను. ఎముకకి తగల్లేదు. కట్టు కడుతుంటే అతను కెటిల్ ఒలికిపోయిందా అని అడిగాడు. ఒలకలేదని చెప్పాను. కళ్లు మూసుకుని అల్లాకి దండం పెట్టుకున్నాడు.

ఈలోగా గంగాధర్ నేరస్థుణ్ణి పట్టేశాడు. డ్రైవర్ పెంచల్. తూటాలు పేలగానే రెండో షెడ్డు మెట్లు దిగి పరిగెత్తడం ఇద్దరు చూశారు. ఆ షెడ్డు రోడ్డుకి అవతల, రెండు వందల మీటర్ల దూరంలో ఉంది. పోయిన వారం నీళ్ల క్యాను దగ్గర పెంచల్‌కీ షావలికీ గొడవైంది. గంగాధర్ వెళ్లి షెడ్డంతా వెతికాడు. మేడమీద గదికి బయట తాళం వేసి ఉందని దాని జోలికి పోలేదు. తుపాకీ దొరకలేదు. అయినా పెంచల్‌ని ట్యూబుల గదిలో కట్టి పడేయించాడు.

"రేపు బస్సు ఎక్కడు వీడు. చెక్‌పోస్టు కాడ ఇరాకీ మిలిటరీకి ఒప్పజెప్తా," అన్నాడు నాతో.

ఆ రోజుల్లో ఆయుధం దొరికిందని ఒప్పజెప్పిన మనిషిని మళ్లీ ఎవరూ చూసేవారు కాదు. నేను ఆ మాటే అన్నాను. ముందు గోడ చూడనిమ్మన్నాను.

"గోడేం చెప్తాది సార్? మనిషి ఉరికింది జనం చూసినారు. నువ్వు లాబరేటరీలో అద్దాలు పెట్టుకోని చూసేటోనివి. నేను తుపాకీ పట్టినోణ్ణి."

"తుపాకీ పట్టినవారికే గోడ ఎక్కువ చెప్పాలి గంగాధర్ గారూ," అన్నాను. అతను నవ్వలేదు. చీకటి పడేలోపు చూసుకోమన్నాడు.

కిటికీ అంచుకి కింద, సిమెంటు దిమ్మెలో రెండు రంధ్రాలు. వాటి మధ్య నా రెండు వేళ్లు పట్టేంత దూరం. ఆ రెండు వేళ్లు అక్కడ ఉంచి చాలాసేపు నిలబడ్డాను. రెండు వందల మీటర్ల నుంచి, ఒకటి మనిషి కండలోంచి వచ్చాక కూడా, రెండూ ఇంత దగ్గరగా. చేయి వణికినవాడు ఇలా కాల్చలేడు. పెంచల్ పండగ బెలూన్ల మీద కూడా ఎప్పుడూ కాల్చి ఎరగడు.

స్క్రూడ్రైవరుతో తవ్వితే ఒక తూటా బయటికి వచ్చింది. సైనికుల తుపాకుల్లోని పొట్టి తూటా కాదు. సన్నగా, పొడుగ్గా, రాగి రంగులో ఉంది. పందేల తూటా. అలాంటివి వందలకొద్దీ ఈ చేతులతోనే తూచాను. అంటే బాబా రైఫిల్ ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉంది.

ఇంకోటి కూడా వింతగా తోచింది. నిండు మందుతో కాల్చిన తూటా ఆ దిమ్మెని చీల్చుకుని అవతల కుర్చీదాకా పోవాలి. ఇది సగంలోనే ఆగిపోయింది. మందు తక్కువ.

అప్పుడు నాకు 1988 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం గుర్తొచ్చింది. చలికాలపు ఎండ, రెండు వందల మీటర్ల కాల్పుల రేంజిలో బాబా, నేను. ఆనందమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా మా మధ్య. అప్పటికి రెండు రకాల తూటాలు తయారుచేశాం. ఒకటి పందేలకి, నిండు మందు. రెండోది ఆయన కొడుకు ఫహద్ నేర్చుకోవడానికి, భుజం నొప్పి పుట్టకుండా తక్కువ మందు. ఏది బాగా కుదిరిందో చూడాలని ఒకే కాగితం మీద, రైఫిల్ మీద గురి సరిచేసే మీట ముట్టుకోకుండా, ఇవి ఐదు, అవి ఐదు కాల్చాడు. నిండు మందువి ఐదూ సరిగ్గా మధ్యలో, రూపాయి బిళ్ల కింద దాచేయొచ్చు. తక్కువ మందువి చెల్లాచెదురుగా పడతాయని నేను పందెం కాశాను. ఓడిపోయాను. అవీ అంతే దగ్గరగా పడ్డాయి. కాకపోతే జానెడు కన్నా కాస్త ఎక్కువ కిందికి.

బాబా పులిహోర నములుతూ నవ్వాడు. "రాజూ, రెండూ నమ్మకమైనవే. వాటి ఇళ్లే వేరు," అన్నాడు. ఆ కాగితం ఇంటికి తెస్తే ఆనందమ్మ పసుపు చేత్తో పట్టుకుని, ఇంత చిన్న రంధ్రాల కోసం ఇంత జీతమా అని ఆశ్చర్యపోయింది.

నేను గోడ మీద రెండు రంధ్రాల నుంచి పైకి జాన పెట్టాను. ఇంకో నాలుగు వేళ్లు. నా చెయ్యి కిటికీ అంచు దాటి గాల్లోకి వెళ్లింది. అసర్ తర్వాత రోజూ గంగాధర్ రొమ్ము ఉండే చోటికి.

తూటాలు షావలి కోసం కాదు.

ట్యూబుల గదిలో పెంచల్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కట్లు వదులు చేసి మంచినీళ్లు పట్టించాను. ఏం చేస్తున్నావక్కడ అని అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"నేను కాల్చలే సార్. అంతకు మించి నా నోట్లోంచి రాదు. వాళ్లకి ఇస్తే ఇయ్యనీ."

"రాజంపేటలో నీ కోసం చూసేవాళ్లు లేరా?"

"ఉండారు. అందుకే ఏడ్చుకుంటాండా. చెప్పేది మాత్రం లేదు."

అతని కుడి భుజం చూశాను. చొక్కా అక్కడ మాత్రమే తడిసి, నీటి చారలు కట్టింది. చెమటైతే వీపంతా ఉండాలి. క్యాను మోస్తే నీళ్లు తొణికేది భుజం మీదే. పోయిన వారం గొడవ కూడా నీళ్ల గురించే. తన వంతుకన్నా ఎక్కువ పట్టుకుపోతున్నాడని షావలి అరిచాడు. ఎవరూ లేని షెడ్డుకి ఈ మనిషి రోజూ నీళ్లెందుకు మోస్తున్నాడు?

ఆ ప్రశ్న అడగలేదు. అతను జవాబు చెప్పకుండా ఉండటానికి పడుతున్న బాధ చూస్తే అడగబుద్ధి కాలేదు.

ఒక ముడి మాత్రం విడలేదు. ఇంత చెయ్యి తిరిగినవాడు పిల్లల తూటా ఎందుకు వాడాడు? మేడమీద గదిలోనే తూటాలు నింపేవాళ్లం. అవి రెండు పాలపొడి డబ్బాల్లో ఉండేవి. నిండు మందు డబ్బా మూత మీద ఎర్ర టేపు, తక్కువ మందు దాని మీద నీలం టేపు. ఆ గది ఆఖరుసారి ఊడ్చి తుడిచింది, జులైలో, రెడ్డెమ్మ.

ఆమె వంటపొయ్యి దగ్గర కార్టనుకి తాడు బిగిస్తోంది. బస్సులో ఒక్క మూటకే చోటు అన్నారు. అయినా కార్టన్ కట్టుకుంటోంది. కువైట్ వచ్చిన మన ఆడవాళ్లు ఖాళీ పాలపొడి డబ్బా పారేయడం నేనెప్పుడూ చూడలేదు. గట్టి మూత, తుప్పు పట్టని రేకు. ఊరికి పోతే ఇంటికొకటి పంచాలి. ఆ కార్టను చూశాక నాకు అడగాల్సింది దొరికింది.

"రెడ్డెమ్మా, బాబా గదిలో పాలడబ్బాలు రెండుండేవి కదమ్మా."

ఆమె చేతిలో తాడు ఆగిపోయింది.  తర్వాత కళ్లు తుడుచుకుంటూ తాడు విప్పి, చీరల అడుగు నుంచి ఒక డబ్బా తీసింది. మూత మీద టేపు ఊడదీసిన జిగురు మరక. లోపల ఖర్జూరాలు.

"నేను దొంగను కాదు సారూ. ఒకటి సొట్టబోయి ఉండాది, ఇది సక్కంగా ఉండాది. మా అక్క కూతురికి ఇస్తామని తీసుకుంటి. దాంట్లో గుండ్లు గుడ్డసంచిలో పోసి బల్ల కింద పెట్టినా. ఒక్కటి కూడా పారెయ్యలే."

"టేపు ఏం చేశావు?"

"ఎర్ర టేపుది కనపడకపోతే బాబా ఎతుకుతాడని, దాన్ని పీకి సొట్టదానికి అంటిస్తి. నీలంది పారేసినా. రెండూ గుండ్లే కదా సారూ?"

రెండూ గుండ్లే. నాకు నవ్వూ కన్నీళ్లూ ఒకేసారి వచ్చాయి. నువ్వు దొంగవి కాదనీ, ఆ డబ్బా నీదేననీ చెప్పి, ఖర్జూరాలు చెదరకుండా మూత బిగించి ఇచ్చాను.

బయటికి వచ్చి నిలబడ్డాను. కాల్చినవాడు ఎర్ర టేపు చూసి నమ్మాడు. ఆ టేపు ఉంటే నిండు మందు అని, దానికి గురి మీట కదపక్కర్లేదని నమ్మాడు. ఆ ఎర్ర టేపుకి అర్థం ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. అందులో ఒకణ్ణి నేను.

మేడమీద గది తాళంచెవి నా గుత్తిలో ఇంకా ఉంది. శుక్రవారాలు పోయాక దాన్ని వాడాల్సిన పని పడలేదు, తీసిపారేయడానికి మనసూ ఒప్పలేదు. పొద్దు గుంకి మగ్రిబ్ పిలుపు వినబడే వేళకి, గిన్నెలు మోసుకెళ్తున్నవాడిలా టిఫిన్ క్యారియర్ పట్టుకుని రోడ్డు దాటాను.

తలుపు తీయగానే తుపాకీ గొట్టం కనిపించింది. దాని వెనక గడ్డం మాసిన అబూ ఫహద్. నన్ను చూసి గొట్టం దించాడు. ఆరు వారాల్లో పదేళ్లు ముసలివాడయ్యాడు. నేను క్యారియర్ తెరిచి, రాత్రికని దాచుకున్న పప్పు ఆయన ముందు పెట్టాను. తర్వాత తూటా తీసి పక్కన పెట్టాను.

ఆయన దాన్ని వేలితో దొర్లించాడు. మేము ఎప్పటిలాగే సగం అరబ్బీ, సగం ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం.

"మొదటి దెబ్బకే భుజం చెప్పింది రాజూ, ఇది ఫహద్ తూటా అని. కోపం వినలేదు. రెండోది కూడా కాల్చేశాను. షావలి బతికాడా?"

బతికాడని చెప్పాను. ఆయన ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా విషయం చెప్పాడు. గంగాధర్ తన టైర్లు సైనికులకి ఇస్తున్నాడని తెలుసు. దానికి బాధలేదు, టైర్లు పోతే పోనీ. కానీ మా బస్సుకి అనుమతి కాగితం టైర్లిచ్చినందుకు రాలేదు. ఈ షెడ్లలో ఎక్కడో ఉన్న కువైటీని రేపటిలోగా పట్టి ఇస్తానని గంగాధర్ మాట ఇచ్చాడట. పోస్టు దగ్గర బండి కడుగుతూ పెంచల్ విన్నాడు.

ఇప్పుడు అంతా తేటపడింది. పెంచల్‌ని కట్టింది షావలి కోసం కాదు. బాబా ఎక్కడున్నాడో కక్కించడానికి.

"నీ తూటా సరిగ్గా తగిలి ఉంటే," అన్నాను, "వాళ్ల మనిషిని చంపారని రేపు మా అందరినీ ఆ గోడకే నిలబెట్టేవారు. ఆ డబ్బా మీద ఆశపడిన ఆడమనిషికి నువ్వూ నేనూ రుణపడి ఉన్నాం."

 నేను బల్ల కింద గుడ్డసంచి తీసి, అసలు నిండు మందు తూటాలు క్యారియర్ అడుగు గిన్నెలో పోసుకున్నాను. సొట్ట డబ్బాలోవి పై గిన్నెలో పోసుకున్నాను. ఆయన అడ్డుకోలేదు. గోడ మీద ఆ శుక్రవారం కాగితం ఇంకా ఉంది. అంచున ఆనందమ్మ పసుపు వేలిముద్ర వెలిసిపోయి, అయినా ఉంది. అది కూడా అడిగి తీసుకున్నాను.

ఆఫీసులో గంగాధర్ లాంతరు వెలిగించుకుని ఉన్నాడు. నేను ఆ కాగితాన్ని కిటికీ చట్రానికి ఆనించి పట్టుకున్నాను. కింది గుంపు సరిగ్గా గోడ మీది రెండు రంధ్రాల ఎత్తున వచ్చింది.

"మీరు తుపాకీ పట్టినవారు. పై గుంపు ఎక్కడుందో మీరే చూడండి."

అతను చూశాడు. చెయ్యి తనకు తెలియకుండానే రొమ్ము మీదికి వెళ్లింది. పటాలంలో చేసినవాడికి అంతకన్నా విడమరచి చెప్పక్కర్లేదు.

"తూటా మారింది," అన్నాడు.

"మారింది. డబ్బాలు తారుమారయ్యాయి. ఇప్పుడు ఆయనకి ఏ డబ్బాలో ఏముందో తెలుసు. రేపు పొద్దున్న పెంచల్ బస్సు మెట్టు ఎక్కడం చూడాలని ఉందట. మీరు అతని పక్కనే నిలబడతారు కదా?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదని ఆనందమ్మ ఎప్పుడూ వెక్కిరించేది. ఆ క్షణంలో టిఫిన్ క్యారియర్ నా చేతిలోనే ఉంది. ఆయన తూటాలన్నీ అందులోనే ఉన్నాయి. అది కదిలి చప్పుడు కాకుండా కాలికి ఆనించి పట్టుకున్నాను.

 గంగాధర్ లేచి ట్యూబుల గదికి వెళ్లి తన చేత్తోనే కట్లు విప్పాడు. పెంచల్ నా పక్కనుంచి పోతూ ఒక్కసారి నా చెయ్యి పట్టుకుని వదిలాడు.

నేనూ కదలబోయాను.

"సార్." గంగాధర్ గొంతులో ఇందాకటి దర్పం లేదు. "నలభైమంది పిల్లగాళ్లను ఇండ్లకు చేర్చల్లని చేసినా. నువ్వేమన్నా అనుకో. కానీ తూటాలు పేలినప్పుడే పోస్టుకు మనిషిని పంపించినా. రెండో షెడ్డు అని చెప్పించినా. ఇప్పుడు నేను వద్దన్నా ఆగరు. తెల్లారి నమాజు కాంగానే వస్తారు."

నా చేతిలో క్యారియర్ ఒక్కసారిగా బరువెక్కింది. ఆ గదిలో మనిషి ఉన్నాడు, రైఫిల్ ఉంది. ఒక్క తూటా లేదు. ఉన్నవన్నీ నేనే మోసుకొచ్చేశాను.

గంగాధర్ కిటికీ రెక్కలు మూస్తూ, బస్సు ఎవరి కోసమూ ఆగదని మాత్రం అన్నాడు. అది నాకు తెలుసు. పెంచల్ వంటపొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. రెడ్డెమ్మ అతనికి రొట్టె పెడుతోంది. బాబా సంగతి అతను చెప్పినట్టుంది, నన్ను చూడగానే కార్టన్ విప్పి, ఖర్జూరాల డబ్బా నా చేతికిచ్చింది.

నేను మళ్లీ రోడ్డు దాటాను. మెట్ల మీద నా అడుగులు గుర్తుపట్టి బాబా లోపలి నుంచి పేరు పెట్టి పిలిచాడు. తెల్లారి సైనికులు వస్తున్నారని చెప్పి డబ్బా బల్ల మీద పెట్టాను. ఆ పక్కనే, పొద్దున్న ఎలా ఉంటుందో తెలియని బల్ల మీద, తూటాల క్యారియర్ పెట్టాను. తర్వాత వెనక్కి తిరిగి, గడియ చప్పుడు కాకుండా వేలితో పట్టుకుని, లోపలి నుంచి తలుపు మూశాను.